గాలి లేదని వాయిదా

(సాయంత్రం. లాండ్రీ షాపు మీద ఒక అద్దె గది. వదిన, ఆడపడుచు.)

"పై దవడ నువ్వు, కింది దవడ నేను. ఎదురెదురుగా వస్తున్నాం. గాలి ఫ్యాన్ వైపు నుంచి. ఇప్పుడు చెప్పు, ఎవరు తప్పుకోవాలి?"

"ఆగు ఆగు. ముందా ఫ్యాన్ మెడ తిరక్కుండా ఆపు చిట్టీ. గాలి ఒక్కచోట నిలబడకపోతే నేనేం చెప్పను?"

"నీళ్ళ మీద గాలి నీకోసం నిలబడుతుందా ఏంటి?"

"అక్కడ సంగతి అక్కడ. ఇక్కడ టేబుల్ మీదైనా నిలబడనీ."

"సరే, ఆపాను. అయినా ఎవరివి వదినా ఈ పళ్ళు? పట్టుకుంటే నా వంక చూసి ఇకిలిస్తున్నట్టున్నాయి."

"పై దవడ ఎవరో రిటైరైన జడ్జిగారిది. కొలత తేడా వచ్చిన అచ్చు. మా కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో పారేస్తుంటే తెచ్చుకున్నా. కింది దవడ ఒక పాటలావిడది."

"జడ్జిగారి దవడకి కాగితం తెరచాప అంటించి పడవ చేశావా? కళ్ళు పోతాయి."

"మైనం మా ల్యాబ్‌దే. గట్టిగా పట్టుకుంటుంది."

"మాట తప్పించకు. ఎవరు తప్పుకోవాలి?"

"నేను."

"వదినా!"

"కాదా?"

"నీ పడవకి గాలి ఏ వైపు నుంచి తగులుతోంది?"

"కుడి."

"నాకు?"

"ఎడమ."

"కుడివైపు గాలి ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి?"

"ఉన్న దారినే పోవాలి. ఎడమవైపు గాలి ఉన్నవాళ్ళు తప్పుకోవాలి."

"నోటికి వచ్చు. మరి ఎందుకు తప్పుకున్నావు?"

"నువ్వొచ్చి గుద్దేస్తావేమోనని."

"గుద్దను! తప్పుకోవాల్సింది నేను. నేను తప్పుకుందామని ఇటు తిరుగుతుంటే, నువ్వూ ఉండబట్టలేక ఇటే తిరిగితే ఏమవుతుంది? ఇదిగో, ఇలా. జడ్జిగారూ పాటలావిడా ముద్దు పెట్టుకుంటారు."

"ఛీ, నీ నోరు."

"పోయినసారి పడవ పరీక్షలో ఫెయిలయింది దీనికే కదా? ఆ ఎర్ర టోపీ ఆయన పడవ ఎదురొచ్చింది, దారి నీది. నువ్వు హాయిగా తిన్నగా పోకుండా పక్కకి తిప్పావు. ఆయనా అటే తిప్పాడు. ముక్కులు రెండూ టక్కుమన్నాయి."

"ఆయన అరిచిన అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది. 'దారి మీదైతే పొండి తల్లీ, మర్యాదలు ఎవరడిగారు?' అన్నాడు."

"సరిగ్గా అడిగాడు."

"తప్పు కొంత నీది కూడా. అప్పుడెప్పుడో నాకు కారు నేర్పుతూ ఏమన్నావు? 'వదినా, అనుమానం వస్తే ఆగు. ఎవరొచ్చినా ఆగు. ఎదుటివాడు వెధవ అనుకుని ఆగు' అన్నావు."

"అది రోడ్డు! రోడ్డు మీద బ్రేకులుంటాయి. మీ పడవకి బ్రేకులున్నాయా?"

"లేవు."

"మరి? నువ్వు ఎటు పోతావో ఎదుటివాడికి తెలియాలి. అందుకే దారి ఉన్నవాళ్ళు దారి పట్టుకునే పోవాలి. తప్పుకోవడం కూడా తప్పే. రాసుకో."

"రాసుకోను. ఇంకోసారి అడుగు."

"ఇంకోసారా? ఇప్పటికి ఎన్నోసారో తెలుసా?"

"అడుగు చిట్టీ. ఎలాగూ వచ్చావు కదా."

"ముందు ఆ మెడ కిందకి దించు. భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. ఊపిరి తీసుకుంటున్నావా అసలు?"

"తీసుకోకపోతే మాట్లాడతానా?"

"నా దగ్గర కారు నేర్చుకున్న ఒక డాక్టరుగారున్నారు. ఆపరేషన్లు చేసే మనిషి. లైసెన్సు పరీక్ష రోజున వచ్చి బండిలో కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నారు. అద్దం సరిచేసుకున్నారు. గేర్లు మారుస్తున్నారు, స్టీరింగు తిప్పుతున్నారు, అటూ ఇటూ చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు పక్కనే కూర్చుని రాసుకుంటున్నాడు."

"బాగానే ఉందిగా?"

"ఇంజను ఆన్ చెయ్యలేదు."

"అయ్యో పాపం."

"బండి అంగుళం కదల్లేదు. ఆయన మాత్రం రెండో గేరులో ఉన్నారు."

"నవ్వించకు. నవ్వే ఓపిక లేదు నాకు."

"ఏమైనా తిన్నావా?"

"దిగట్లేదు. పొద్దున్న బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకుంటే అలాగే ఉండిపోయింది. ల్యాబ్‌లో పని తప్పింది ఈ రోజు. పన్నెండేళ్ళుగా ఆ పని చేస్తున్నా, ఎప్పుడూ తప్పలేదు. ఎవరి ముందుపన్నో పక్కకి కూర్చుంది. మళ్ళీ తీసి పెట్టాను."

"ఇంత భయమెందుకు వదినా? మొదటి మెట్టు సర్టిఫికెట్. పిల్లలు రాసే పరీక్ష. సముద్రం దాటమన్నారా?"

"భయం పరీక్షంటే కాదులే."

"మరి?"

"ఏమో. రేపంటే."

"రేపంటే పరీక్షే కదా! ఇదిగో, ఈ తాడు పట్టుకో. ఎనిమిది అంకెలాంటి ముడి వెయ్యి. వేస్తూ ఏదో ఒక పాట కూనిరాగం తియ్యి. నా స్టూడెంట్లందరికీ ఇదే చెప్తా. పాడేవాళ్ళకి ఊపిరి బిగుసుకోదు."

"ఈ వయసులో పాటలేంటే. కింద లాండ్రీ వాళ్ళు వింటే ఈవిడకి పిచ్చి పట్టిందనుకుంటారు."

"ఆ మెషీన్ల హోరులో ఎవరికి వినబడుతుంది?"

"ఇంకాసేపట్లో ఆపేస్తారు. అవి ఆగితే చూడాలి ఈ గది. గుండె కొట్టుకోవడం కూడా వినబడుతుంది. మొదట్లో ఆ చప్పుడుకి తలనొప్పొచ్చేది. ఇప్పుడు ఆదివారాలు షాపు మూసేస్తే తోచదు."

"ముడి వెయ్యి."

"వేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు మాట్లాడుతుంటే."

"చూపించు. అబ్బో! ఇది చూడకుండా వేశావా? నిన్న దీనికే అరగంట నన్ను చంపావు, 'ఏ కొస ఎటు పోతుందో మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు' అని."

"పొరపాటున పడిందిలే. విప్పేసి మళ్ళీ చెప్పు."

"పొరపాటున ముడి తప్పు పడుతుంది కానీ, ఒప్పు పడుతుందా? సరే, ఇది చెప్పు. గాలికి ఎదురుగా ఉన్న చోటికి ఎలా వెళ్ళాలి? ఇది కష్టం, నిదానంగా ఆలోచించి చెప్పు."

"నేరుగా పోలేం. గాలికి కాస్త పక్కగా పడవని పట్టుకుని కొంత దూరం పోయి, ముక్కు తిప్పి, మళ్ళీ అటు కొంత దూరం. అలా వంకర్లు తిరుగుతూ పోవాలి. తిప్పేటప్పుడు పడవలో వేగం ఉండాలి, లేకపోతే మధ్యలో గాలికి ఎదురుగా నిలబడిపోతుంది. నిలబడితే చుక్కాని పిడి అవతలికి తోసి, తెరచాపని చేత్తో గాలికి ఎదురు పట్టుకుని, వెనక్కి నడవనిచ్చి ముక్కు పక్కకి తెచ్చుకోవాలి."

"వదినా."

"తప్పా?"

"పుస్తకంలో ఇంత బాగా లేదు. సరే, తేలికది. పడవ బోర్లా పడిపోయింది. ఏం చెయ్యాలి?"

"ఒడ్డుకి ఈదాలి."

"ఏంటీ?"

"ఈదకూడదా?"

"మొదటి వారం పాఠం! పడవని వదలకూడదు. ఎంత దగ్గరగా ఒడ్డు కనపడినా వదలకూడదు. దీని కింద ఎర్ర గీత గీసింది నువ్వే, చూడు, నీ గీతే. పెన్ను కాగితాన్ని చింపేసింది కూడా."

"అవునవును. పడవని వదలకూడదు. మర్చిపోయాను."

"కష్టమైనవి గడగడా చెప్తావు, తేలికవి తప్పుతావు. నీ భయం తీరు నాకు అంతుపట్టట్లేదు."

"మరైతే మొదట్నుంచి ఇంకోసారి అడుగు. ఎందుకైనా మంచిది."

"నువ్వు... ఆగు, ఫోను."

"ఎవరు?"

"ఎవరూ లేరు. డ్రైవింగ్ స్కూల్ వాళ్ళు. మోగనీ."

"సాయంత్రం నుంచి మోగుతూనే ఉంది. ఎత్తు, ఏం పనో."

"వాళ్ళకేం పనుండదు. బోర్లా పెట్టేశా చూడు, గొడవ లేదు. వదినా, రేపు ఎన్నింటికి?"

"ఏది?"

"పరీక్ష! ఎన్నింటికి మొదలవుతుంది?"

"పొద్దున్నే. తొమ్మిదికో, పదికో. గాలిని బట్టి."

"తేల్చి చెప్పలేదా? పోయిన శనివారం కూడా అలాగే 'గాలిని బట్టి' అన్నారు, చివరికి గాలే లేదని వాయిదా వేశారు. అదెలాంటి స్కూలు వదినా? పడవ నేర్పే ఆ టోపీ మేడమ్ నంబరు ఇవ్వు, నేను కనుక్కుంటా."

"వద్దు!"

"ఏం?"

"ఆవిడకి సాయంత్రాలు ఫోన్ చేస్తే నచ్చదు. నేర్పేటప్పుడు ఎంత నవ్వుతూ ఉంటుందో, ఒడ్డెక్కితే అంత ముక్కోపి. ఆవిణ్ణి అసలు కదపకు."

"ఎనిమిదికైతే బావుండును. ఎనిమిదికి మొదలై తొమ్మిదికి అయిపోతే..."

"నీకేమైనా పనుందా రేపు?"

"లేదు. అంటే, ఉంది. చిన్న పని."

"పనుంటే రాకు చిట్టీ. నువ్వు రావక్కర్లేదు."

"వస్తానన్నాను కదా. మాటిచ్చాను."

"ఏదో మాట వరసకి అన్నావు. నేనేం అనుకోను. నిజం చెప్పాలంటే నువ్వు ఒడ్డున నిలబడితే నాకు ఇంకా కంగారు."

"పోయినసారి ఒడ్డున ఎవరూ లేరనే కదా ఫెయిలయ్యానన్నావు? తడిబట్టలతో ఒక్కదానివే బస్సెక్కి వచ్చావు. ఆ సీటు తడిసిందని కండక్టర్ తిట్టాడని చెప్పావు."

"అది అప్పుడు. ఇప్పుడు ధైర్యం వచ్చింది."

"ధైర్యం వచ్చిన మనిషి చేతులు ఇలా ఉంటాయా? ఇటివ్వు. ఎంత చల్లగా ఉన్నాయో."

"ఫ్యాన్ గాలికి."

"ఇన్నాళ్ళూ 'నువ్వొస్తావు కదా, వస్తావు కదా' అని నా ప్రాణం తీసింది నువ్వే. రెండ్రోజుల నుంచి 'రాకు, రాకు' అంటున్నావు. నీకెవరైనా ఏమైనా చెప్పారా?"

"ఏం చెప్తారు?"

"ఏం లేదు."

"ఏం చెప్తారే?"

"ఏం లేదన్నాగా. పడవలోకి వద్దాం. పాసయితే ఏం చేస్తావు?"

"ఏముంది. సర్టిఫికెట్ చూపిస్తే వాళ్ళ చిన్న పడవ అద్దెకిస్తారు. పక్కన నేర్పేవాళ్ళు లేకుండా నేనొక్కదాన్నే తీసుకుపోవచ్చు."

"ఎంత బావుంటుందో! ల్యాబ్ కిటికీలోంచి రోజూ చూసేదానివి ఆ తెరచాపల్ని. నాకు గుర్తే, మనందరం కలిసున్నప్పుడు కూడా చెప్పేదానివి. 'ఇవాళ ఎనిమిది తెల్లవి, ఒక నీలం' అని. అన్నయ్య నవ్వేవాడు."

"నవ్వేవాడు కాదు. వినేవాడు కాదు."

"సారీ వదినా."

"నువ్వెందుకు సారీ? చిత్రమేంటంటే, పడవలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఒంటరిగా అనిపించదు. చేతిలో తాడు, చంకలో పిడి, గాలి ఎటు తిరుగుతుందో చూసుకోవాలి, తల మీదకి తెరచాప అడ్డకర్ర వస్తుందేమో చూసుకోవాలి. తీరికెక్కడిది? దిగి, తాళం తీసి, ఈ గదిలో లైటు వేస్తాను చూడు, అప్పుడు. చెప్పులు విప్పేలోపే వచ్చి మీద పడుతుంది."

"రోజూనా?"

"అలా చూడకు. చెప్పాలనిపించి చెప్పాను."

"ఇలా అని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్తాను? ఫోన్ చేసి, 'చిట్టీ, నాకు ఒంటరిగా ఉంది, రా' అని చెప్తానా? మీ అన్నయ్యతో తెగిపోయాక నిన్ను ఏమని పిలవను?"

"నేనైతే వద్దామనే అనుకునేదాన్ని. ఒట్టు. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలిసేది కాదు. ఈ సందు చివరి దాకా వచ్చి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాను ఒకసారి."

"ఎప్పుడు?"

"నువ్వీ గదిలోకి మారిన కొత్తల్లో. 'మా అన్నయ్య ఇలా చేశాడు, నేను బానే ఉన్నాను, నువ్వెలా ఉన్నావు' అని అడగనా? అదృష్టం బావుండి నీకీ పరీక్ష పడింది. నువ్వు ఫోన్ చేసి, 'పరీక్షంటే చచ్చేంత భయంగా ఉంది, నువ్వు భయపడేవాళ్ళకి నేర్పుతావు కదా, కాస్త ప్రశ్నలడుగుతావా' అన్నావు చూడు, ఆ రాత్రి నేను ఏడ్చాను తెలుసా? వెళ్ళడానికి ఒక పని దొరికిందని."

"నేనూ అంతే. నువ్వు ఒప్పుకున్నావని."

"సరేలే. రేపటితో నీకీ శని వదిలిపోతుంది. నాకూ సాయంత్రాలు ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకునే భాగ్యం కలుగుతుంది. రోజంతా క్లచ్ తొక్కీ తొక్కీ మోకాళ్ళు పీకేస్తున్నాయి."

"అవును. నీకు శ్రమే."

"సరదాకన్నాను వదినా."

"తెలుసులే. అడుగు, తరవాతి ప్రశ్న."

"వెనక నుంచి వచ్చి దాటిపోయే పడవ... మళ్ళీ ఫోను. ఉండు, వీడు వదిలేలా లేడు. హలో. ఆఁ, ఇక్కడే ఉన్నా... లేదు... ఇంకా చెప్పలేదు... చెప్తానన్నాగా, నువ్వు తొందరపెట్టకు... ఫోటో ఉన్న కార్డే కదా, తెచ్చుకుంటా... చీరో ఏదో, నా తంటాలు నేను పడతా. పెట్టెయ్... పెట్టేస్తున్నా."

"మీ అన్నయ్యా?"

"డ్రైవింగ్ స్కూల్..."

"చిట్టీ. పన్నెండేళ్ళు ఆ గొంతు విన్నాను. ఫోన్‌లోంచి ఇక్కడి దాకా వినబడింది."

"వదినా..."

"ఏం చెప్పలేదు నాకు?"

"వెనక నుంచి వచ్చి దాటిపోయే పడవ తప్పుకోవాలా, ముందున్నది తప్పుకోవాలా?"

"వెనక నుంచి వచ్చింది. ఏం చెప్పలేదు?"

"అన్నయ్య పెళ్ళి చేసుకుంటున్నాడు."

"తెలుసు. మా ల్యాబ్‌లో ఎవరో అన్నారు, చేసుకోబోతున్నాడని. ఎప్పుడు?"

"రేపు."

"రేపా?"

"రిజిస్ట్రార్ ఆఫీసులో. పదింటికి. పెద్ద హడావిడేం లేదు, అటు నలుగురు, ఇటు నలుగురు. వాడి తరపున సాక్షి సంతకం నాది."

"మంచిది."

"అంతేనా?"

"ఇంకేమనాలి?"

"తిట్టు! ఏడువు! ఆ జడ్జిగారి దవడ తీసుకుని నా మొహాన కొట్టు! వారం నుంచి చెప్దామని వస్తున్నా, నువ్వేమో తలుపు తీయగానే పుస్తకం చేతిలో పెడుతున్నావు. 'పరీక్ష కాగానే చెప్దాంలే, ఇప్పుడు చెప్తే పాపం ఫెయిలవుతుంది' అనుకున్నా. తీరా చూస్తే రెండూ ఒకే రోజు పడ్డాయి. నీ పరీక్ష వాయిదా పడకపోతే ఈ తిప్పలే ఉండకపోవును."

"ఆవిడ ఏం చేస్తుంది?"

"కాలేజీలో లెక్కలు చెప్తుంది."

"మంచిదేనా?"

"మంచిదే. అదే కదా నా బాధ, చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. మొన్న ఇంటికొస్తే 'వదినా' అని పిలవమంది అమ్మ. నేను 'ఏవండీ' అన్నాను. ఆవిడ నవ్వింది. వదిన అంటే నాకు నువ్వే. ఇంకెవరినీ అలా పిలవడం నాకు చేతకాదు."

"అలవాటవుతుంది."

"నాకు అలవాటవ్వాలని లేదు."

"పిచ్చి మాటలు మాట్లాడకు. వెళ్ళు రేపు. నీలం చీర కట్టుకో, అది నీకు నప్పుతుంది."

"నువ్వు ఎందుకిలా ఉంటావు?"

"ఎలా?"

"ఇలా! ఆ రోజు కూడా ఇంతే. వాడు వచ్చి 'విడిపోదాం' అంటే, 'సరే, పెట్టె ఎక్కడుంది' అన్నావు. ఇల్లు ఎవరిదని అడగలేదు, ఎందుకని అడగలేదు. ఒక్కసారి, ఒక్కసారి గొంతు లేపి ఉంటే, నేనూ అమ్మా నీ పక్కన నిలబడేవాళ్ళం. నువ్వు మాకు నిలబడే చోటే ఇవ్వలేదు. తప్పుకుని వెళ్ళిపోయావు."

"నాకు అరవడం రాదు చిట్టీ. లోపల అంతా అరుపే. నోటి దాకా వచ్చేసరికి 'సరే' అవుతుంది."

"ఇప్పుడూ అదే చేస్తున్నావు. 'రాకు, రాకు' అంటున్నావు. నీకు రేపు నేను కావాలా వద్దా? అది చెప్పు."

"రేపు నీకు అక్కడ పనుంది కదా."

"చెప్పు వదినా. నాకు నిజం కావాలి, మర్యాద కాదు."

"కావాలి. రేపనే కాదు, రోజూ కావాలి."

"అంతే. అయిపోయింది. నేను రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళట్లేదు. ఒడ్డున నిలబడతాను. తువ్వాలు పట్టుకుని, పొడిబట్టలు పట్టుకుని, తింటానికి ఏదో ఒకటి పట్టుకుని. నువ్వు పాసయినా ఫెయిలయినా ఈసారి నా బండి మీద ఇంటికొస్తావు."

"వద్దు చిట్టీ."

"మళ్ళీ మొదలు!"

"అది కాదు. నా మాట విను. వాడు నీ సొంత అన్నయ్య."

"సంతకం పెట్టడానికి ఊళ్ళో చేతులే లేవా? మా స్కూల్లో ఎవరినో పంపుతాను. వాడికి కోపం వస్తే వచ్చింది. నాలుగు రోజులు మాట్లాడడు."

"నాలుగు రోజులు కాదు. మీ అన్నయ్య సంగతి నాకు తెలుసు. పెళ్ళికి రాలేదని జన్మంతా మనసులో పెట్టుకుంటాడు."

"పెట్టుకోనీ. నీకు మాత్రం ఒడ్డున ఎవరున్నారు? వాడికి నలుగురు ఉన్నారు. ఇదిగో, ఇప్పుడే చెప్పేస్తున్నా."

"ఫోన్ కింద పెట్టు."

"పెట్టను. రేపు పొద్దున్నైతే నాకు ధైర్యం చాలదు. మోగుతోంది."

"చిట్టీ, నీకు దణ్ణం పెడతాను, వాడికేమీ చెప్పకు."

"ఉష్. హలో, అన్నయ్యా. ఆఁ, చెప్పాను, వదినకి చెప్పేశాను. అది కాదు, విను. రేపు నేను..."

"పెట్టెయ్! ఆ ఫోన్ పెట్టెయ్!"

"ఒక్క నిమిషం అన్నయ్యా... వదినా, నువ్వు అరిచావా?"

"పెట్టెయ్ ముందు!"

"మళ్ళీ చేస్తా అన్నయ్యా... పెట్టేశాను. ఏమైంది? కూర్చో, కూర్చో. నీళ్ళు తాగు. ఇప్పుడు చెప్పు."

"రేపు నువ్వు అక్కడికొస్తే ఎవరూ ఉండరు. పడవలన్నీ కట్టేసి ఉంటాయి. ఆ కట్టేసిన పడవల ముందు నువ్వు తువ్వాలు పట్టుకుని నిలబడతావు. దానికోసం మీ అన్నయ్య పెళ్ళి మానుకుంటావు. నా వల్ల కాదు చిట్టీ, ఇంత దూరం పోతుందనుకోలేదు."

"అంటే? మళ్ళీ వాయిదా వేశారా?"

"వెయ్యలేదు. అసలు వాయిదా పడనే లేదు. పరీక్ష పోయిన శనివారమే అయిపోయింది."

"అయిపోయిందా? అయ్యో వదినా! మళ్ళీ ఫెయిలయ్యావా? అది చెప్పలేకేనా ఇదంతా? పిచ్చిదానా, నాకు చెప్పడానికి సిగ్గేంటి? మళ్ళీ రాద్దాం. మొదట్నుంచి మొదలుపెడదాం, రోజూ వస్తాను..."

"పాసయ్యాను."

"ఏంటీ?"

"పాసయ్యాను చిట్టీ. అదే ఎర్ర టోపీ ఆయన ఎదురొచ్చాడు. నేను తప్పుకోలేదు. ఆయనే తప్పుకున్నాడు. టోపీ మేడమ్ చప్పట్లు కొట్టింది."

"పాసయ్యావా! మరి ఈ వారమంతా రోజూ నా చేత ప్రశ్నలెందుకు అడిగించుకున్నావు?"

"పాసయ్యానంటే ఇక నువ్వు ఏ పని మీద వస్తావు?"